సెకండ్ గ్రేడ్ ప్లీడరు ప్రకాశం

టంగుటూరి ప్రకాశం పంతులు గారు 1928లో మద్రాసులో తుపాకీ ఎదుట గుండె చూపించి నిలబడ్డ సంగతి బడి పిల్లలకు కూడా తెలుసు. అంతకు పాతికేళ్ల ముందు రాజమండ్రిలో ప్లీడరీ చేస్తున్నప్పుడు ఆయన ఏ కోర్టు మెట్లెక్కవచ్చో, ఏ కోర్టులో నోరు విప్పకూడదో మాత్రం చాలామంది ఒక్క వాక్యంలో దాటేస్తారు. ఆయన జీవితం మలుపు తిరిగింది అక్కడేనని నా గట్టి నమ్మకం. పూటకూళ్లమ్మ కొడుకు ప్లీడరయ్యారు, ప్లీడరు మునిసిపల్ చైర్మనయ్యారు, చైర్మను గిరీ చేసినాయన ముప్ఫై దాటాక మళ్లీ విద్యార్థిగా ఓడెక్కారు. ఎందుకెక్కారో తెలియాలంటే అప్పటి వంటింటి లెక్కలూ కోర్టు లెక్కలూ కాస్త తెలియాలి.

పుట్టింది 1872 ఆగస్టు 23న, ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో. తండ్రి గోపాలకృష్ణయ్య గారు పోయేనాటికి పిల్లవాడికి పదకొండేళ్లు. తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు పెట్టారు.

పూటకూళ్ల ఇంటికి బోర్డు ఉండదు, బల్లలుండవు. ఉన్న ఇంట్లోనే వంట, వసారాలో పంక్తి. పూటకింత అని ఇచ్చి తిని వెళ్లేవాళ్లు కొందరు, నెలవారీ ఖాతా మీద తినే విద్యార్థులూ గుమాస్తాలూ కొందరు. భర్త పోయిన ఇల్లాలికి చేతిలో ఉన్న విద్య వంటే. మడి కట్టుకుని వండితే నలుగురూ వచ్చి భోంచేస్తారు. కానీ డబ్బు పుచ్చుకుని అన్నం పెట్టడాన్ని అన్నవిక్రయమని తక్కువగా చూసేవాళ్లు. వండి పెట్టిన చెయ్యే మాట కూడా పడాలి. అదే కాలంలో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులు గారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించారు. అటువంటి పెళ్లికి సిద్ధపడే ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టే రోజులవి. మిగతా ఆడవాళ్లకు దారి పుట్టింటి పంచనో, పొయ్యి దగ్గరో.

ఆ పొయ్యి దగ్గర లెక్క తప్పితే ఇల్లు గడవదు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. ప్రాంతాన్ని బట్టి కొలపాత్ర కొద్దిగా మారుతుంది గానీ వరస ఇదే. పదహారు మంది పంక్తికి మనిషికి ఒక్క గిద్ద చొప్పున ఎక్కువ పోశారనుకోండి, ఆ పూటకు ఒక మానిక బియ్యం అదనంగా ఉడికినట్టు. రెండు పూటల చొప్పున రెండు రోజులు ఇలాగే జరిగితే ఒక కుంచం పోయినట్టే. బియ్యం పాతవైతే అన్నం ఒదుగుతుంది, మెతుకు విడివిడిగా నిలుస్తుంది. కోతల తర్వాత వచ్చే కొత్త బియ్యం చవగ్గా దొరుకుతాయి గానీ ఒదుగు రాదు, గంజి వార్చడం ఒక్క నిమిషం ఆలస్యమైతే ముద్దయిపోతుంది. చవకని కొన్నామె ఎక్కువ బియ్యం పోసి నష్టపోతుంది. మరీ తక్కువ పోస్తే చివరి విస్తరికి అన్నం ఉండదు, ఆ మనిషి రేపు రాడు. అన్నిటికన్నా కష్టం ఖాతా మనుషులు. నెల తిరిగేసరికి డబ్బు రాకపోతే రేపటి పప్పుకు కోమటి కొట్లో అప్పు పెట్టాలి. అక్కడా మాట పోకూడదు.

ఈ ఇంట్లో మూడు రూపాయలంటే ఎంతో తెలియడానికి ఒక్క సంగతి చాలు. ప్రకాశం గారి పరీక్ష ఫీజు మూడు రూపాయలు. ఇంట్లో లేవు. అడిగిన చోట పుట్టలేదు. సుబ్బమ్మ గారు తన పట్టుచీర తాకట్టు పెట్టి ఆ ఫీజు కట్టించారు. రూపాయికి పదహారణాలు, మూడు రూపాయలంటే నలభై ఎనిమిది అణాలు. పూటకింత అని అణాలూ కానులూ ఏరుకునే ఇంట్లో ఆ మొత్తం ఒక్కసారిగా చేతిలో ఉండటం అరుదు. ఆ చీర సంగతి ఆయన తన ఆత్మకథలో మరిచిపోకుండా రాసుకున్నారు.

రాజమండ్రికి ఆయన్ని తీసుకొచ్చింది గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు. ఒంగోలులో చదువు చెప్పిన ఆయనే, నాటకాల్లో వేషాలు వేయించిన ఆయనే, తాను రాజమండ్రి వస్తూ ఈ కుర్రవాణ్ణి కూడా వెంటబెట్టుకొచ్చారు. అప్పటికి గోదావరి మీద రైలు వంతెన లేదు. యాభై ఆరు ఖానాల ఆ వంతెన 1900లో గానీ తెరుచుకోలేదు. అంతవరకూ పడమటి గట్టు నుంచి వచ్చేవాళ్లు కొవ్వూరు రేవులో ఆగి పడవెక్కి దాటాల్సిందే. వరద రోజుల్లో పడవ ఆగిపోతే గట్టు మీదే పడుకోవాలి. రాజమండ్రిలో ఎఫ్.ఏ. చదివాక మద్రాసు వెళ్లి సెకండ్ గ్రేడ్ ప్లీడరు పరీక్ష ప్యాసయ్యి, తిరిగి వచ్చి రాజమండ్రిలో ప్రాక్టీసు పెట్టారు.

అప్పటి రాజమండ్రి ప్లీడర్లకు పని కొరత లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాలవలు పారిన చోటల్లా మెరక చేను మాగాణి అయింది, భూమి ధర పెరిగింది. ధర పెరిగిన భూమి మీద అప్పు పుడుతుంది, అప్పు వెనక తాకట్టు, తాకట్టు వెనక దావా. లంక భూముల తగాదాలు వేరు. వరదకు ఒక లంక ఒక వైపు కోసుకుపోతుంది, ఇంకోవైపు మేట వేస్తుంది. నిరుడు పొగాకు వేసిన చోట ఈ ఏడు నీళ్లుంటాయి, కొత్తగా లేచిన ఇసుక మేట మీద ముగ్గురు హక్కు చెబుతారు. హద్దురాయే కొట్టుకుపోయాక సాక్షి నోటి మాటే ఆధారం. సాక్షిని నిలదీసి అడగగలిగిన ప్లీడరుకు గోదావరి జిల్లాలో తిండికి లోటుండదు. నాటకాల్లో గొంతు సాధన చేసిన ప్రకాశం గారు ఆ పనికి సరిగ్గా సరిపోయారని నేననుకుంటాను.

ఇక మునసబు కోర్టులో రోజువారీ పని ఎలా ఉండేదో ఒక ప్రామిసరీ నోటు పట్టుకుని చూద్దాం. వ్యవహారమంతా ఆ చిన్న కాగితంలోనే ఉంటుంది.

రెండు వందల రూపాయల నోటు. వడ్డీ నెలకు నూటికి రూపాయి. కోరినప్పుడు చెల్లిస్తానని రాసి, అణా స్టాంపు అంటించి, దాని మీద సంతకం. మొదటి ప్రమాదం ఆ అణా బిళ్లలోనే ఉంది. మామూలు దస్తావేజుకు స్టాంపు తక్కువైతే జరిమానా కట్టి కోర్టులో పెట్టుకోవచ్చు. ప్రామిసరీ నోటుకు ఆ సదుపాయం లేదు. స్టాంపు లేకుండా రాసిన నోటును జరిమానా కట్టినా సాక్ష్యంగా తీసుకోరు. ఒక్క అణా మిగుల్చుకున్న షావుకారు రెండు వందలు పోగొట్టుకుంటాడు. అందుకే అనుభవమున్న ప్లీడరు నోటు చేతికివ్వగానే మొత్తం చదవడు. ముందు స్టాంపు చూస్తాడు, తర్వాత తేదీ చూస్తాడు, ఆ తర్వాత వెనక్కి తిప్పుతాడు.

తేదీ ఎందుకంటే, కోరినప్పుడు చెల్లించే నోటుకు కాలపరిమితి నోటు రాసిన రోజు నుంచి మూడేళ్లు. అడిగిన రోజు నుంచి కాదు. చాలామంది షావుకార్లు పొరబడింది ఇక్కడే. అడగనే లేదు కదా, గడువెలా దాటిందని వాదించేవాళ్లు. దాటింది, అంతే. మూడేళ్ల ఆఖరి రోజు కోర్టుకు సెలవైతే మళ్లీ తెరిచిన రోజున దావా వేయవచ్చు. ఆ రోజు కూడా ఊరుకుంటే ఇక లేదు.

వెనక్కి తిప్పి చూసేది చెల్లు కోసం. అసల్లో కొంత ముట్టజెప్పి, ఫలానా తేదీన ఇంత చెల్లించానని బాకీదారు నోటు వెనక రాస్తే, ఆ తేదీ నుంచి కొత్తగా మూడేళ్లు లెక్క. కానీ అసలు కింద చెల్లించిన డబ్బుకు ఆ చెల్లు బాకీదారు స్వదస్తూరితో ఉండాలి. షావుకారి గుమాస్తా తనే రాసేసుకున్న చెల్లు గడువును పెంచదు. మూడేళ్లు దాటిపోయాక వేసిన చెల్లూ పెంచదు, చచ్చిన బాకీకి అది ప్రాణం పోయలేదు. రెండు చెల్లులూ ఒకే సిరాతో, ఒకే కలం పోటుతో, పక్కపక్కనే ఉంటే ప్రతివాది ప్లీడరుకు పండగే. రెండేళ్ల ఎడంతో రాసిన రాతలు ఒక్క కూర్చోబాటులో రాసినట్టున్నాయేమని షావుకారిని బోనెక్కించి అడుగుతాడు.

నోటు బాగుందనుకుందాం. మూడేళ్లకు వడ్డీ నెలకు రెండు రూపాయల చొప్పున 72. దావా మొత్తం 272. దాని మీద కోర్టు రుసుం ముందే కట్టాలి. 1870 నాటి చట్టం ప్రకారం మొదటి నూరు రూపాయలకు ఏడు రూపాయల ఎనిమిదణాలు, ఆపైన ప్రతి పది రూపాయలకూ పన్నెండణాలు, పదిలో కొంత భాగమున్నా పదిగానే లెక్క. 172 రూపాయలకు పద్దెనిమిది పదులు, అంటే పదమూడు రూపాయల ఎనిమిదణాలు. వెరసి 21 రూపాయలు. ఇది ప్లీడరు ఫీజు కాదు, గుమాస్తాకిచ్చేది కాదు, సాక్షుల బత్తా కాదు, ఒట్టి రుసుం. పొలమే ఆధారమైన రైతు ఎదురుదావా వేయాలంటే ముందు ఇంత సొమ్ము చేతిలో ఉండాలి. డిక్రీ వచ్చాక కూడా పని అయిపోదు, అమలు దరఖాస్తు వేరే. డిక్రీ కాగితం పెట్టెలో దాచుకుని జప్తుకు రుసుం లేక కూర్చున్నవాళ్లు ప్రతి తాలూకాలోనూ ఉంటారు.

ఈ వాయిదాల వల్లే కోర్టున్న ఊళ్లలో పూటకూళ్ల ఇళ్లు నిలిచాయి. లంకల నుంచి పడవ దిగి వచ్చిన వాది, వాది వెంట ఇద్దరు సాక్షులు, కేసు పిలిచేసరికి సాయంత్రం, తీరా పిలిస్తే మళ్లీ వాయిదా. రాత్రికి పడవ లేదు. ఎక్కడో తినాలి. డబ్బు పుచ్చుకునే ఇళ్లు ఊళ్లో ఉంటే, పుచ్చుకోని ఇల్లు కోనసీమలో ఒకటుంది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు 1909లో కన్నుమూసేదాకా వేళ కాని వేళ వచ్చినవాళ్లకు కూడా వండి వడ్డించారు. వైనతేయ మీది అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. మన గోదారి వాళ్లు ఆమెను తలుచుకోవడం న్యాయమే. పూటకూళ్లమ్మల పేర్లు మాత్రం ఎవరి గోడ మీదా లేవు. డబ్బు తీసుకున్నా, ఆకలి వేళకు అన్నం పెట్టింది వాళ్లూ కదా. సుబ్బమ్మ గారి పేరు మిగిలిందంటే కొడుకు రాసుకోబట్టే.

ప్లీడరీలో పేరొచ్చాక ప్రకాశం గారు మునిసిపల్ రాజకీయాల్లోకి దిగి, గట్టి పోటీ మీద రాజమండ్రి చైర్మనయ్యారు. 1884 చట్టం కింద నడిచే మునిసిపాలిటీలవి. పన్ను కట్టేవాళ్లకే ఓటు, కాబట్టి ఓటర్లలో సగం మంది ప్లీడరు గారి కక్షిదారులో, వాళ్ల ఎదుటి పక్షంవాళ్లో అయ్యుంటారు. కేసు గెలిపించినవాడు ఓటేస్తే, ఓడినవాడు పగబడతాడు. ప్లీడర్లు ఊరి రాజకీయం నడపడం అప్పటికే రాజమండ్రిలో అలవాటైన సంగతి. న్యాపతి సుబ్బారావు పంతులు గారు ఆ దారిలో ఆయనకు ముందువారు.

సుబ్బారావు పంతులు గారి పేరు ఎత్తింది ఊరికే కాదు. 1878లో మద్రాసులో హిందూ పత్రిక పెట్టిన ఆరుగురు కుర్రవాళ్లలో ఆయనొకరు. తర్వాత బి.ఎల్. అనే న్యాయశాస్త్ర పట్టాతో రాజమండ్రిలో వకీలయ్యారు. బి.ఎల్. ఉన్న వకీలు హైకోర్టులో వాదించవచ్చు. సెకండ్ గ్రేడ్ ప్లీడరు వాదించకూడదు. ఒకే ఊళ్లో, ఒకే కోర్టు ఆవరణలో, ఇద్దరూ నల్లకోటే వేసుకుంటారు. కానీ 1879 నాటి న్యాయవాదుల చట్టం కింద సన్నదు, అంటే ప్లీడరీకి ఇచ్చే అనుమతి పత్రం, మీద ఏ గ్రేడు రాసి ఉందో అంతవరకే దారి. సెకండ్ గ్రేడు వాళ్లది కింది కోర్టుల దారి. కేసు మొదట్నుంచీ తానే నడిపి, సాక్షులందరినీ తానే అడిగి, కాగితం కాగితం కంఠస్థం చేసిన ప్లీడరు, అది అప్పీలుకు మద్రాసు వెళ్లగానే కట్ట కట్టి ఇంకొకరి చేతిలో పెట్టాలి. ఫీజు అక్కడికే పోతుంది, పేరూ అక్కడికే పోతుంది. ఇంతకన్నా బాధ, కక్షిదారు మొహం కూడా చూడని మనిషి అతని పొలం గురించి వాదిస్తాడు.

అమెరికాలో అదే శతాబ్దపు సంగతి పక్కన పెట్టి చూస్తే ఈ గోడ ఎంత ఎత్తో తెలుస్తుంది. అబ్రహాం లింకన్ ఇలినాయిలోని న్యూ సేలం అనే పల్లెలో బెర్రీ అనే భాగస్తుడితో కొట్టు నడిపారు. 1833 మార్చిలో ఆ భాగస్వామ్యం పేరు మీదే టావెర్ను లైసెన్సు తీసుకున్నారు. టావెర్నంటే అక్కడి పూటకూళ్ల ఇల్లే, కాకపోతే సారా కూడా పోస్తారు. లైసెన్సుకు ఏడు డాలర్లు. భోజనానికి పావు డాలరు, రాత్రి పడకకు దానిలో సగం అని రేటు కూడా కౌంటీ వాళ్లే కట్టారు. కొట్టు మునిగింది, భాగస్తుడు పోయాడు, అప్పు లింకన్ నెత్తిన పడింది. తీర్చడానికి ఏళ్లు పట్టింది. బడికి వెళ్లింది అన్నీ కలిపినా ఏడాది లోపే. పుస్తకాలు అరువు తెచ్చుకుని చదివి 1836లో లా లైసెన్సు పొందారు. ఆ ఒక్క లైసెన్సుతోనే చిన్న కౌంటీ కోర్టు నుంచి ఆ రాష్ట్రపు సుప్రీంకోర్టు దాకా వాదించారు. గ్రేడుల్లేవు. రాజమండ్రిలో ప్రకాశం గారికి లేనిది తెలివీ కాదు, కక్షిదార్లూ కాదు. ఆ ఒక్క వెసులుబాటే.

దారులు రెండే. మళ్లీ కాలేజీకెళ్లి బి.ఏ. కట్టి, ఆపైన బి.ఎల్. చదవడం ఒకటి. ఇంగ్లండు వెళ్లి బారిస్టరు కావడం రెండోది. కోర్టు పని మీద మద్రాసు వెళ్లినప్పుడు ఒక బారిస్టరు ఈయన చట్టజ్ఞానం చూసి మీరే బారిస్టరు కావచ్చు కదా అన్నారు. ఆ మాట పట్టుకుని 1904లో బయల్దేరారు. మాంసం ముట్టనని, మద్యం తాగనని, పొగ తాగనని తల్లికి మాటిచ్చి వెళ్లారు.

ఆ మాట నిలబెట్టుకోవడం ఎంత కష్టమో తెలియాలంటే బారిస్టరు చదువు ఎలా ఉండేదో తెలియాలి. లండన్లో ఇన్నులనే బారిస్టర్ల సంఘాల్లో ఏదో ఒకదాంట్లో చేరాలి. ఏడాదికి నాలుగు టరములు, మొత్తం పన్నెండు టరములు గడపాలి, అంటే మూడేళ్లు. పరీక్షలుంటాయి, నిజమే. కానీ టరము గడిచినట్టు లెక్కకు రావాలంటే ఆ ఇన్ను భోజనశాలలో గౌను వేసుకుని విందుకు కూర్చోవాలి. టరముకు కనీసం ఆరు విందులు. ఆరు పన్నెండ్లు డెబ్బై రెండు. విందులో మాంసమే ప్రధానం, నలుగురు కూర్చున్న బల్లకు ద్రాక్షసారా సీసాలు పెడతారు. తినకపోయినా డబ్బు కట్టాల్సిందే, తాగకపోయినా కూర్చోవాల్సిందే. తాగని మనిషి తమ బల్ల మీద ఉంటే మిగతా ముగ్గురికీ వాటా పెరుగుతుంది కనుక అలాంటివాళ్లకు గిరాకీ ఉండేదని గాంధీ గారు తన చదువు రోజుల గురించి రాశారు. ఉడికించిన బంగాళాదుంప, క్యాబేజీ, రొట్టె. శాకాహారికి ఆ శాలలో మిగిలేది అంతే.

పూటకు ఇంత అని విస్తళ్లు లెక్కపెట్టిన ఇంట్లో పెరిగినాయన, తాను తినని తిండికి డబ్బు కట్టి, హాజరు లెక్క కోసం డెబ్బై రెండు సార్లు పంక్తిలో కూర్చున్నారు. సుబ్బమ్మ గారి వసారాలో ఖాతా రాసుకునేది తిన్నవాడి దగ్గర రాబట్టడానికి. ఇక్కడ ఖాతా రాసేది హైకోర్టులో నిలబడే హక్కు ఇవ్వడానికి. లండన్లో ఉండగానే దాదాభాయి నౌరోజీ గారి ఎన్నిక కోసం పనిచేశారు. ప్రశంసాపత్రంతో ప్యాసై 1907లో తిరిగొచ్చారు.

రాజమండ్రిలో ఆగలేదు, మద్రాసులోనే ప్రాక్టీసు పెట్టారు. అది సరైన నిర్ణయమే. గోడ దాటినవాడు మళ్లీ గోడ ఇవతల కూర్చోడు. ఆ ఏడే బిపిన్ చంద్ర పాల్ గారు మద్రాసు వస్తే, సభకు అధ్యక్షత వహించడానికి పెద్దలు జంకిన చోట ఈ కొత్త బారిస్టరు ముందుకొచ్చారు. 1911లో తిరునల్వేలి కలెక్టరు ఆష్ హత్య కేసులో ముద్దాయిల తరఫున నిలబడ్డారు. బాగా సంపాదించారు, 1921లో ఆ సంపాదన వదిలేశారు. తర్వాతి కథ చాలామందికి తెలిసినదే.

ఒక్కటి మాత్రం ఆ తెలిసిన కథలో చిన్నదైపోయింది. 1937లో మద్రాసు రాష్ట్ర రెవెన్యూ మంత్రిగా ఆయన జమీందారీల మీద విచారణ సంఘానికి అధ్యక్షత వహించారు. 1938లో వచ్చిన నివేదిక, భూమి రైతుది, జమీందారు శిస్తు వసూలు చేసి పెట్టేవాడు మాత్రమేనని తేల్చింది. ఆ విచారణలో ముందుకొచ్చిన కాగితాలు కొత్తవేం కావు. శిస్తు రసీదులు, పట్టాలు, పాత డిక్రీలు, చెల్లు వేసిన నోట్లు. రాజమండ్రిలో కట్ట కట్టి ఇంకొకరి చేతిలో పెట్టాల్సొచ్చిన జాతి కాగితాలే. ఈసారి వాటిని చివరిదాకా తానే చదివారు.